పట్టికల పెద్దాయన ఎడ్గార్ కాడ్

మన సంచికలో ప్రతి ఏడూ మహనీయుల జీవితాలు వస్తూనే ఉంటాయి. వారిలో కంప్యూటరు మనుషులు మాత్రం అరుదు. అందుకే ఈసారి ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్ గారిని గురించి రాద్దామని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, నేను చేసిన ఒక తప్పే నన్ను ఆయన దగ్గరికి తీసుకుపోయింది.

మాది కొల్లేటి అంచున ఒక పల్లె. కొంత వరి, కొంత చేపల చెరువు. బొచ్చె, శీలావతి పెంచుతాం. మేత అప్పు మీద తెచ్చి, పట్టుబడి అయ్యాక తీరుస్తాం. ల్యాబులో పీఎల్ ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటూ, రికార్డు కోసం పదిమంది రైతుల మేత అప్పులను ఒక పట్టికగా పెట్టి, నెల వడ్డీ కలిపే ప్రొసీజరు రాశాను. కర్సరు తెరవడం, ఒక్కొక్క వరుసే తీయడం, వడ్డీ కలపడం, అక్కడికక్కడే కమిట్ చేయడం. ఏడో రైతుకు వడ్డీ రేటు వేయడం మరిచాను. ప్రోగ్రాము అక్కడ ఆగిపోయింది. రేటు నింపి మళ్ళీ మొదటినుంచి నడిపాను. పదీ పూర్తయ్యాయి. ఎంత సంబరమో!

ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్ళి నాన్నకు చూపించాను. ఆయన చదివింది ఐదో తరగతి. చిట్టా పుస్తకం తెచ్చుకుని, వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి, మూడో వరుస దగ్గర ఆగారు. అది మా పద్దు. నలభై వేలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే 40,800 ఉండాలి. నా కాగితంలో 41,616 ఉంది. మొదటి ఆరుగురికీ వడ్డీ రెండుసార్లు పడింది. నాన్న ఏమీ అనలేదు, కాగితం మడిచి ఇచ్చేశారు. పోయినేడు మేత కొట్టు లెక్కలో తేడా వస్తే, రుజువు లేక కట్టేసి వచ్చిన మనిషి ఆయన. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఏలూరు వచ్చి లెక్చరర్ గారికి చెప్పాను. అసలు దీనికి లూపు ఎందుకయ్యా అని అడిగి, బోర్డు మీద ఒకే ఒక అప్‌డేట్ వాక్యం రాశారు. పది వరుసలకూ కలిపి అదే చాలు. మధ్యలో తప్పు దొర్లితే మొత్తం వెనక్కి పోతుంది, సగం పని మిగలదు. ఈ పట్టికల ఆలోచన ఎవరిదో చదువుకుని రమ్మన్నారు.

కాడ్ గారు 1923లో ఇంగ్లండులోని పోర్ట్‌లండ్ దీవిలో జన్మించారు. ఏడుగురు సంతానంలో కడగొట్టువారు. ఆక్స్‌ఫర్డులో గణితం, రసాయన శాస్త్రం చదివారు, అంటే మన బీఎస్సీ వాళ్ళ సరుకే! రెండవ ప్రపంచ యుద్ధంలో, ఆటపాక గూడబాతుల్లా నీళ్ళమీద వాలే సండర్లాండ్ విమానాలు నడిపారు. 1948లో న్యూయార్కు చేరి, ఆ తర్వాత ఐబీఎంలో పనిచేశారు. సెనేటర్ మెకార్తీ సాగించిన కమ్యూనిస్టుల వేట గిట్టక 1953లో కెనడా వెళ్ళిపోయి, కొన్నేళ్ళకు తిరిగొచ్చారు. 1965లో, నలభై దాటాక, మిషిగన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు.

ఆనాటి డేటాబేసులు ఎలాంటివో చెప్పాలంటే మా మామయ్య గుర్తొస్తాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. ఏ షావుకారు పద్దు ఏ పుస్తకంలో, ఏ పేజీ నుంచి ఏ పేజీకి పోవాలో ఆయనకే ఎరుక. ఆయన సెలవు పెడితే లెక్క కదలదు. అప్పటి ప్రోగ్రామరు బతుకూ అంతే. రికార్డు నుంచి రికార్డుకు దారి తానే వెతుక్కోవాలి. దారి మారితే ప్రోగ్రాము మళ్ళీ రాసుకోవాలి.

1970 జూన్‌లో కాడ్ గారు పదకొండు పేజీల వ్యాసం ప్రచురించారు. సమాచారాన్ని పట్టికలుగా పెట్టండి, ఏమి కావాలో అడగండి, దారి సంగతి యంత్రం చూసుకుంటుంది అన్నది దాని సారం. ఆధారమంతా సమితులు, సంబంధాలే. మనం ఇంటర్లో చదివి మరిచిపోయినవే! సొంత కంపెనీయే చప్పున అందుకోలేదు, ఎందుకంటే దానికి పాత పద్ధతి సరుకు బాగా అమ్ముడుపోతోంది. ప్రయోగంగా సిస్టమ్ ఆర్ కట్టినప్పుడు కూడా ఆయన ప్రతిపాదించిన ఆల్ఫా భాషను పక్కనబెట్టి, ఛాంబర్లిన్, బాయిస్ రూపొందించిన భాషను తీసుకున్నారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. అందులో ఒకే వరుస రెండుసార్లు ఉండనివ్వడం కాడ్ గారికి చివరిదాకా మింగుడుపడలేదు. 1979లో ఒరాకిల్ ముందుగా బజారుకొచ్చింది, ఐబీఎం సరుకు 1981లో గాని రాలేదు. ఆ ఏడే ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

పేరుకు మాత్రమే పట్టికలని చెప్పుకునేవారు ఎక్కువైపోతే, 1985లో పన్నెండు సూత్రాలు ప్రకటించారు. అందులో మూడు నా కోసమే రాసినట్టున్నాయి. లేని విలువ సున్నా కాదు, ఖాళీ కాదు, దాన్ని వేరుగానే చూడాలి (నా ఏడో రైతు!). మార్పులు వరుసల గుంపు మీద ఒక్కసారే చేయగలగాలి. ఒక్కొక్క వరుసను తీసే భాష ఉన్నా, అది పట్టిక నియమాలను దాటిపోకూడదు.

మరి ప్రొసీజర్లు దండగా? కాదు. 1988లో ఒరాకిల్ తన ఆరవ వెర్షనుతో పీఎల్ ఎస్‌క్యూఎల్ తెచ్చింది ఊరికే కాదు. నెల చూడటం, తప్పు పట్టుకోవడం, అన్నీ సరిపోయాకే కమిట్ చేయడం దాని పని. కలిపే పని మటుకు పట్టికకే వదలాలి. నేను రెండో పట్టిక పెట్టి, రైతు, నెల కలిపి దానికి కీ చేశాను. వడ్డీ పడగానే అందులో ఒక వరుస చేరుతుంది. అదే నెల వడ్డీ మళ్ళీ వేయబోతే డేటాబేసే ఒప్పుకోదు.

కాడ్ గారు 2003 ఏప్రిల్ 18న, నేను పుట్టక ముందే, ఫ్లోరిడాలో కన్నుమూశారు.

కొత్త కాగితం నాన్నకిచ్చాను. పది వరుసలూ చూసి, చిట్టా పుస్తకంలో పెట్టుకున్నారు. మేత కొట్టుకు ఇప్పుడు రెండూ పట్టుకెళ్తున్నారు.