అన్నను ఓడగొట్టిన తమ్ముడు

మా బొగ్గుబాయిల ఊర్ల బస్టాండ్ ఎనుక, సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం మీద ఒక పూల్ సెంటర్ ఉండె. రెండే బల్లలు. ఓడినోడు బల్ల కిరాయి కట్టాలె, ఛాయ్ తాపియ్యాలె. డిగ్రీ అయిపోయి, నౌకరి పరీక్షలకు చదువుకుంట తిరిగిన రెండేండ్లల నేను కట్టినన్ని కిరాయిలు ఇంకెవ్వలు కట్టలేదు.

అక్కడ ఒక పోరడు మస్తుగ ఆడేటోడు. ఎంత దూరమున్న బాల్‌నైనా పాకెట్ల ఏసేటోడు. నేను గూడ వాని లెక్కనే కొట్టాలని చూసేటోన్ని. పడకపోయేది. నేను తప్పిన ప్రతిసారి బాల్స్ అన్ని వానికి ఇస్తార్ల వడ్డించినట్టు కనబడేటియి. ఒక్క దినం మాత్రం ఏమనిపిచ్చిందో, కష్టమైన షాట్ ఇడిసిపెట్టి, నా బాల్‌ను అలుకగ తాకిచ్చి, వైట్ బాల్‌ను నా బాల్స్ ఎనుక దాచిపెట్టిన. వానికి తొవ్వ దొరకలే. ఫౌల్ కొట్టిండు. మళ్ల గట్లనే చేసిన. ఆఖరికి గెలిచిన. గని ఎనుక నిలబడ్డోళ్లంత నవ్విండ్రు. గిది పిరికి ఆట, దమ్ముంటే బాల్ ఏసి గెలవాలె అన్నరు. గెలిచి గూడ తలకాయ దించుకొని ఇంటికి పోయిన.

ఆ రాత్రి ఫోన్ల ఎతుకుతుంటే ఫ్రెడ్ డేవిస్ అనే మనిషి దొరికిండు. గాయిన జీవితం చదివినంక నా సిగ్గు సగం పోయింది. మన పోరగాళ్లకు ఆయన సంగతి చెప్పాలని అప్పటి సంది అనుకుంటున్న.

ఫ్రెడ్ ఇంగ్లండ్ దేశంల, చెస్టర్‌ఫీల్డ్ పట్నం పక్కన 1913 ఆగస్టు 14న పుట్టిండు. అది గూడ మా లెక్కనే బొగ్గుగనుల జాగ. వాళ్ల నాయిన బాయిల పనిచేసి, తర్వాత ఒక కల్లుదుకాణం లెక్కటి పబ్ పెట్టుకున్నడు. ఆ పబ్బుల పెద్ద బిలియర్డ్స్ బల్ల ఉండె. పిల్లగాండ్లు ఆ బల్ల చుట్టే పెరిగిండ్రు. వాళ్లు పెద్దగైనంక పేరు తెచ్చుకున్న స్నూకర్ ఆట మాత్రం మన దేశంలనే పుట్టింది. 1875ల జబల్పూర్‌ల, తెల్లదొరల మిలిటరీ ఆఫీసర్లు పొద్దుపోక ఆడుకుంట తయారుచేసిండ్రు. పూల్‌కు దగ్గరి చుట్టం అది. బల్ల పెద్దగుంటది, 12 అడుగుల పొడుగు. 15 ఎర్ర బాల్స్, ఆరు రంగుల బాల్స్, ఒక వైట్ బాల్.

ఫ్రెడ్‌కు ఒక అన్న ఉండె. పేరు జో. పన్నెండేండ్లు పెద్ద. ప్రపంచ స్నూకర్ పోటీలు మొదలైన 1927 సంది 1946 దాక, జరిగిన 15 పోటీలు 15 జోనే గెలిచిండు. నడుమ యుద్ధం వచ్చి కొన్నేండ్లు పోటీలు ఆగినయ్ గని, జోను మాత్రం ఎవ్వలు ఆపలేదు. చానా పోటీలల్ల ఎదుటోళ్లకు ముందుగాలనే కొన్ని పాయింట్లు ఇచ్చి మరీ ఆడేటోడు. గసొంటి అన్న ఇంట్ల ఉంటే తమ్ముని గతి ఎట్లుంటదో నాకు ఎరుకే. మా అన్నకు మొదటి పరీక్షల్నే నౌకరి వచ్చింది. ఆ దినం సంది మా ఇంట్ల నా పేరు ఒంటిగ ఎప్పుడు పలకలేదు, అన్న పేరు పక్కన పెట్టే పలికిండ్రు.

ఫ్రెడ్ 1937ల మొదటిసారి ప్రపంచ పోటీల దిగిండు. మొదటి రౌండ్లనే బిల్ విథర్స్ అనేటాయన చేతుల 14–17 తోటి ఓడిపోయిండు. అసలు సంగతేందంటే ఫ్రెడ్‌కు కండ్లు సక్కగ కనబడకపోతుండె. దూరం బాల్ అంచు మసకమసకగ కనబడేది. అది ఒప్పుకోక గట్లనే నెట్టుకొచ్చిండు. ఆ ఓటమి తర్వాతనే కండ్ల డాక్టర్ దగ్గరికి పోయిండు. మామూలు అద్దాలు ఈ ఆటకు పనికిరావు. క్యూ మీదికి వంగినప్పుడు మనిషి పై ఫ్రేమ్ మీదికెళ్లి చూడాల్సొస్తది. అందుకని వంగినా కండ్లకు ఎదురుంగ ఉండేటట్టు, అటిటు తిరిగే అద్దాలు చేయించుకున్నడు. మూడేండ్లల, 1940 ఫైనల్‌ల, అన్న ఎదురుంగ నిలబడ్డడు. 36–37. ఒక్క ఆట తేడాతోటి ఓడిపోయిండు. ఓడిపోయినా, జో గూడ మనిషేనని అందరికి సమజైంది.

ఫ్రెడ్ ఏం చేసేటోడు? పడుతదో పడదో అన్న షాట్‌ను ఊకెనే కొట్టేటోడు కాదు. సేఫ్టీ ఆటల, అంటే ఎదుటోనికి సందు ఇయ్యకుండ ఆడుట్ల, ఆయనకు పెద్ద పేరు. స్నూకర్‌ల అది ఎట్లుంటదంటే, ఎర్ర బాల్‌ను సన్నగ అంచుకు తాకిచ్చి, వైట్ బాల్‌ను మళ్ల బల్ల ఈ కొసకు తెచ్చి కుషన్‌కు అతికిచ్చినట్టు పెట్టుడు. ఇగ ఎదుటోని కష్టం చూడుండ్రి. ఎర్ర బాల్స్ పది అడుగుల దూరంల ఉన్నయ్. కుషన్‌కు అతికిన వైట్ బాల్‌ను నడుమల కొట్టరాదు, పైపైన కొట్టాలె. చెయ్యి పెట్టనీకి జాగ తక్కువ. అటు ఏద్దామంటే పడదు, ఇటు ఆపుదామంటే ఆగదు. ఇంక కొంచెం ముందుకు పోయి, వైట్ బాల్‌కు ఎదురుంగ వేరే రంగు బాల్ అడ్డమొచ్చేటట్టు పెడితే దాన్నే స్నూకర్ పెట్టుడు అంటరు. కొట్టాల్సిన బాల్ తాకకపోతే కనీసం నాలుగు పాయింట్లు ఎదుటోనికి పోతయ్.

ఇట్ల నాలుగైదు సార్లు అయితే ఎంత పెద్ద ఆటగానికైనా మనసు ఊగుతది. ఇసుగుతోటి ఒక షాట్ కొడుతడు, తప్పుతడు. అప్పుడు మన వంతు. ఆ వంతుల పాయింట్లు కొట్టరాకపోతే మాత్రం అంతసేపు దాచింది దండగ. ఫ్రెడ్‌కు కొట్టుడు గూడ వచ్చు. అందుకే గెలిచిండు. బరాబర్ ఆటల, ముందుగాల పాయింట్లు ఇయ్యకుండ, జోను ఓడగొట్టిన మనిషి లోకంల ఒక్క ఫ్రెడ్డే. నాలుగు సార్లు ఓడగొట్టిండు.

గని ఫ్రెడ్ కథ అంత సాఫీగ సాగలే. 1946 తర్వాత జో ప్రపంచ పోటీలు మానుకున్నడు. ఇగ ఫ్రెడ్డే రాజు అని అందరు అనుకున్నరు. 1947 ఫైనల్‌ల వాల్టర్ డొనాల్డ్‌సన్ అనే స్కాట్లండ్ ఆటగాడు వచ్చి 82–63 తోటి కొట్టిండు. అప్పట్ల ఫైనల్ అంటే దినాలకు దినాలు ఆడేది, 145 ఆటలు. డొనాల్డ్‌సన్ దూరం బాల్స్ ఏసుట్ల మొనగాడు. గసొంటోనికి దూరం బాల్ గూడ కనబడకుండ చేయాలె, లేదంటే అంతే. తెల్లారి ఏడు అదే ఇద్దరు ఫైనల్‌కు వచ్చిండ్రు. ఈసారి 84–61. గెలిచింది ఫ్రెడ్. 1949ల, 1951ల మళ్ల గెలిచిండు. 1952 సంది 1956 దాక ఆటగాళ్లే పెట్టుకున్న ప్రపంచ పోటీల ఐదేండ్లు వరుసగ గెలిచిండు. అన్ని కలిపి ఎనిమిది.

జోరుమీద ఆడేటోళ్ల ఆట చానా వరకు వయసు తోటే పోతది. ఫ్రెడ్ ఆట గట్ల పోలే. 1978ల, 64 ఏండ్ల వయసుల, ప్రపంచ పోటీల సెమీఫైనల్ దాక వచ్చిండు. పెర్రీ మాన్స్ చేతుల 16–18 తోటి ఓడిపోయిండు. ఆ ఆట చూడనీకి అన్న జో వచ్చి కూసున్నడు. తమ్ముని ఆట చూస్తుండంగనే జో పానం బాగలేక పడిపోయిండు. ఆ జులైల చనిపోయిండు. చిన్నప్పుడు తమ్ముడు అన్న ఆట చూసుకుంట పెరిగిండు, ఆఖరికి అన్న తమ్ముని ఆట చూడవచ్చి మంచాన పడ్డడు. అది చదివినప్పుడు నా గొంతు పట్టుకున్నది. రెండేండ్లకు, 1980ల, ఫ్రెడ్ బిలియర్డ్స్‌ల గూడ ప్రపంచ ఛాంపియన్ అయిండు. ఈ అన్నదమ్ములిద్దరు ఈ రెండు ఆటల ప్రపంచ టైటిళ్లు గెలిచిండ్రు. ఎనుబై ఏండ్లకు దగ్గరపడ్డంక 1993ల ఫ్రెడ్ క్యూ పక్కన పెట్టిండు. 1998 ఏప్రిల్‌ల, 84 ఏండ్లకు చనిపోయిండు.

ఇగ నా సంగతి. నాకు లెక్కలు రావు. ఇంట్ల ఎన్నడు చెప్పలే, నాకు నేను గూడ ఒప్పుకోలే. పరీక్షల అందరికంటే కష్టమైన లెక్క దగ్గరనే కూసోని కొట్లాడేటోన్ని, అన్న చేసేటోడు గద నేనెందుకు చేయనని. టైం అయిపోయేది. ఆఖరి పేజీలల్ల నాకొచ్చిన ప్రశ్నలు తెల్లగనే మిగిలేటియి. ఒకసారి రెండు మార్కులతోటి పోయింది. ఫ్రెడ్ అద్దాల ముచ్చట చదివినంక ఆరో తరగతి లెక్కల పుస్తకం తెచ్చుకున్న. పక్కింటి పిల్లగాడు నవ్విండు, నవ్వనీ. పరీక్షల వచ్చినయి ముందుగాల పెట్టుడు, రానిదాన్ని ఆఖరుకు నూకుడు నేర్చుకున్న. మొన్నటి ప్రిలిమ్స్ దాటిన. మెయిన్స్ ఇంక ఉంది, నౌకరి అయితే ఇంక రాలే.

తమ్ముళ్లారా, ఈసారి పూల్ ఆడేటప్పుడు ఒకటి యాదుంచుకోండ్రి. ఎదుటోనికి రెండే బాల్స్ మిగిలి నీకు ఐదు ఉంటే ఆట అయిపోయిందని అనుకోకు. నీ ఐదు బాల్స్ వాని తొవ్వకు ఐదు అడ్డాలు. పాకెట్ మూతి మీదున్న నీ బాల్‌ను అప్పుడే ఏసెయ్యకు, అది ఆ పాకెట్‌కు తాళం. వైట్ బాల్‌ను దాచు, ఫౌల్ కొట్టనియ్యి, బాల్ నీ చేతికొచ్చినంక నీకు వచ్చిన షాట్ కొట్టు. ఎనుకనుంచి ఎవలన్న నవ్వితే నవ్వనీ. కిరాయి కట్టేది వాళ్లు కాదు గద.