కాకినాడ చేరిన హాల్డేన్

కామాఠిపుర చాల్‌లో బిడ్డ పుడితే వరండాలో ఉన్నవాళ్లందరూ వచ్చి ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని పంచేస్తారు. సగం పోలికలు మేనమామకే పోతాయి. పోక ఏం చేస్తాయి, తండ్రే తల్లికి మేనమామ అయిన ఇళ్లు మన గల్లీల్లో ఉన్నాయి కదా! ఈ చుట్టరికాలను చూసి నవ్వకుండా లెక్క కట్టించిన ఇంగ్లీషాయన ఒకరున్నారు. పేరు జె.బి.ఎస్. హాల్డేన్.

1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి గనుల్లోని వాయువుల మీద పరిశోధన చేసేవారు. ప్రయోగాలన్నీ తన ఒంటి మీదే, కొడుకునీ వదల్లేదు. ఒకసారి గనిలో మీథేన్ పేరుకున్న చోట పిల్లవాణ్ణి నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నారట. కాసేపటికే కాళ్లు తేలిపోయి పడిపోయాడు. నేల దగ్గర గాలి బాగుంది కాబట్టి తేరుకున్నాడు. మీథేన్ పైకి పోతుందన్న పాఠం అలా వచ్చింది. (మా నాన్న లెక్కలు చెప్పిన పద్ధతే నయం.)

చెల్లెలు నయోమీతో కలిసి ఇంట్లో గినీ పందుల్ని పెంచి, ఏ రంగు ఎవరి నుంచి వస్తోందో చూసేవారు. కాలేజీలో చదివింది మాత్రం లెక్కలు, గ్రీకు, లాటిన్. సైన్సు డిగ్రీ లేదు! ఆర్ట్స్ వాళ్లం ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డారు.

1924 నుంచి ప్రకృతి ఎంపికను అంకెల్లోకి దించారు. మాంచెస్టర్‌లో 1848లో నల్ల చిమ్మట ఒకటి దొరికింది. ఫ్యాక్టరీల పొగతో చెట్లు నల్లబడుతూ వచ్చాయి, శతాబ్దం ముగిసేసరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే. అంత తొందరగా మారాలంటే లేతరంగు వాటికంటే నల్లవాటికి ఒకటిన్నర రెట్లు సంతానం మిగలాలని హాల్డేన్ లెక్క తేల్చారు.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేశారు. కుర్తా వేశారు, మాంసం మానేశారు, భారత పౌరుడయ్యారు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా చుట్టూ ఉన్నవాటిని లెక్కపెడితే సైన్సే అని శిష్యులకు చెప్పేవారు. పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర చేరి ఆంధ్ర కుటుంబాల్లో మగవాళ్ల చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి వస్తున్నాయా అని వెతికారు. వై క్రోమోజోము మీదుగా వస్తాయని 1960లో రాశారు. 2004లో డీఎన్ఏ పరీక్షల్లో అది నిలబడలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలోని మేనరికాలను లెక్కించారు. విషయం ఇది. మనందరిలో చెడ్డ జన్యువులు కొన్ని దాగి ఉంటాయి. ఒక్కటే ఉంటే చాలావరకు ఏమీ కాదు. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ అదే వస్తేనే చిక్కు. బావామరదళ్ల బిడ్డకు ఒక జన్యువు రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడిదే వచ్చే అవకాశం 16లో 1. మేనమామను చేసుకుంటే 8లో 1. మా ఇంట్లో కూడా బావ మాట నడుస్తోంది, అందుకని ఈ అంకెల దగ్గర నేను కాస్త ఎక్కువసేపే ఆగాను. 16లో 1 అంటే జబ్బు వచ్చే అవకాశం కాదు. దాగి ఉన్నది జంటగా కలిసే అవకాశం మాత్రమే. కానీ బయటి సంబంధంలో అది చాలా తక్కువ. పెద్దవాళ్లు జాతకాలు చూపిస్తున్నారు కాబట్టి ఇదీ చూపించాను.

1962లో హాల్డేన్ భువనేశ్వర్ వెళ్లి అక్కడ ఒక ప్రయోగశాల పెట్టారు. 1964 డిసెంబర్ 1న క్యాన్సర్‌తో పోయారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు, విద్యార్థులు కోసి నేర్చుకోవడానికి.

ఇదంతా చెబితే అమ్మమ్మ ఒక్కటే అడిగింది, ఆయనకు పిల్లలున్నారా, ఎవరి పోలిక అని. సొంత పిల్లలు లేరు.