విజయనగరం మహారాజావారి లండను చలివేంద్రం

పూసపాటి విజయరామ గజపతిరాజు గారి పేరు వినగానే విజయనగర వాసులకు మహారాజా కళాశాల స్ఫురిస్తుంది. 1857లో ఆయన నెలకొల్పిన పాఠశాలయే 1879 నాటికి కళాశాల అయినది. ఆ విద్యాదానమును ఎరుగనివారు లేరు. వారి జలదానమును గురించి విన్నవారు మాత్రం అరుదు.

1826లో జన్మించిన ఈయన, తండ్రి నారాయణ గజపతి కాశీలో కన్నుమూసిన పిమ్మట సంస్థానానికి వారసులైనారు. కుంఫిణీ వారి నిర్వహణలో ఉన్న సంస్థానం 1852లో గాని ఆయన చేతికి రాలేదు. అనంతరం వైస్రాయి శాసనసభలో సభ్యత్వము, బిరుదులు లభించినవి.

ఆ రోజులలో లండను నగరాన్ని కలరా పీడించుచుండెను. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు మృతుల ఇళ్ళను పటంలో గుర్తించి, ఒక వీధి పంపు నీరే వ్యాధికి మూలమని చూపినాడు. 1859లో బాటసారులకు, పేదలకు శుభ్రమైన నీటిని ఉచితంగా అందించుటకు అక్కడ ఒక సంఘం ఏర్పడినది. మహారాజావారు ఆ సంఘానికి ధనమిచ్చి, 1867 ప్రాంతంలో హైడ్ పార్కు అంచున, మార్బుల్ ఆర్చి చెంత, ఒక రాతి నీటి మంటపాన్ని కట్టించినారు. మన వేసవి చలివేంద్రము, మొహర్రం నాటి సబీలు వంటిదే అది. ఒక్కటే భేదం. మన చలివేంద్రం కుండలో ఉన్న నీటినే పోస్తుంది. లండనులో ఇసుకలో వడగట్టిన నీరు గొట్టాల వెంట వచ్చేది.

ఇక స్వదేశం సంగతి. 1866 నాటి ఒరిస్సా కరవు గంజాం జిల్లా వరకు పాకినది. శ్రీకాకుళం అప్పుడు ఆ జిల్లాలోనిదే. ఈ ప్రాంతపు పల్లెలలో పశువులను కడిగినది, బట్టలు ఉతికినది, కడవలు ముంచినది తరచుగా ఒకే చెరువులో. లండను మంటపానికి వెచ్చించిన సొమ్ము ఈ పల్లెల రైతులు చెల్లించిన శిస్తులోనిదే గదా అన్న తలంపు కలుగక మానదు. అయినను మహారాజావారిని నిందించుట న్యాయం కాదు. ఆయన 1879లో పరమపదించినారు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ కలకత్తాలోని ఒక చెరువు నీటిలో కనుగొన్నది 1884లో. దాతకు గాని, కడవ ముంచిన ఇల్లాలికి గాని ఆ నీటిలోని క్రిమి సంగతి తెలియదు.

లండను మంటపాన్ని 1964లో తొలగించినారు. మూత్రపిండాల వ్యాధితో నలిగిన ఉద్దానం పల్లెలకు హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా అందించే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైనది.