అబ్రహాము లింకను మహాశయుని జీవితము: పరపక్షీయులయెడ నాయన నడవడి

ఎన్నికలు ప్రజాప్రభుత్వమునకు ప్రాణము. కాని యా యెన్నికలే మన గ్రామములందు ఇంటికిని ఇంటికిని నడుమ గోడలు లేపుచున్నవి. ఒక పక్షమునకు వోటిచ్చినవారు రెండవ పక్షమువారి యిండ్ల శుభకార్యములకు బోకుండుటయు, ఏకోదరులు పంక్తిభోజనమున నెడమొగము పెడమొగముగా గూర్చుండుటయు ఎఱుగనివారు మన బంధువర్గమున లేరు. తాము ధర్మపక్షమున నున్నామని దృఢముగ నమ్మినవారికి ఈ బాధ మఱింత యెక్కువ. ఎదుటివాడు తెలియక యట్లు చేసెనన్న నోర్వవచ్చును. అన్యాయమని తెలిసియు దానికే వోటిచ్చెనన్నచో హృదయము మండును. ఇట్టి మంటను జీవితమంతయు భరించియు, ధర్మమును విడువక, ఎదిరి మనుష్యుని ద్వేషింపక వర్తించిన యొక మహాపురుషుని చరిత్రమును ఈ మహాసభా సంచికయందు మన కులబాంధవులకు విన్నవింప నెంచితిమి. ఆయనయే అమెరికా సంయుక్త రాష్ట్రములకు 16వ అధ్యక్షుడైన అబ్రహాము లింకను.

ఈయన పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు మొదలగు పెద్దలు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి మొట్టమొదట ప్రకటించిన గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన లింకను చరిత్రమే. అది 1907లో వెలువడినది. ఆంధ్రులకు నవీన విజ్ఞానము నందింప బూనిన పెద్దలు ముందుగా ఈ దూరదేశపు కట్టెలుకొట్టువాని కథను ఎన్నుకొనుట గమనింపదగినది.

లింకను 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రమున దుంగలతో గట్టిన యొంటిగది గుడిసెలో జన్మించెను. తండ్రి థామసు సామాన్య కర్షకుడు, వడ్రంగము నెఱిగినవాడు. 1816లో ఆ కుటుంబము ఇండియానాకు దరలిపోయెను. రెండేండ్లకు తల్లి నాన్సీ గతించెను. పిదప వచ్చిన సవతితల్లి సారా ఆ బాలుని గన్నతల్లివలె బెంచి, చదువునం దాతని కాసక్తి గలుగుట చూచి ప్రోత్సహించెను. ఆతడు బడిలో జదివిన దినములన్నియు గూడిన నొక సంవత్సరమునకు మించవు. ఎరువు దెచ్చుకొన్న పుస్తకములే ఆతని గురువులు.

యౌవనమున నిలినాయి రాష్ట్రముజేరి, న్యూసేలమను చిన్న యూర అంగడి గుమాస్తాగా, తపాలా యధికారిగా, భూములు గొలుచు సర్వేయరుగా బనిచేసెను. 1832లో రాష్ట్ర శాసనసభకు నిలిచి యోడిపోయెను. అయినను న్యూసేలము వోటర్లలో 277 మంది ఆయనకు వోటిచ్చిరి; ఆ యూర నాయనకు రానివి కొలది వోట్లు మాత్రమే. ఆ యేడే జరిగిన అధ్యక్షుని యెన్నికలో ఆ వోటర్లే లింకను పక్షమున కెదిరియైన జాక్సనునకు ఆధిక్య మొసగిరి. పక్షభేదము మనుష్యుల నడుమనున్న విశ్వాసమును జంపనక్కఱలేదను పాఠము నాయన ఇరువదిమూడవ యేటనే నేర్చెను. 1834లో గెలుపొంది వరుసగ నాలుగు పర్యాయములు శాసనసభ్యుడుగా నుండెను. న్యాయశాస్త్రమును స్వయముగ జదివి, 1837లో స్ప్రింగుఫీల్డు పట్టణమున న్యాయవాదిగా స్థిరపడెను.

ఆ పట్టణమునకు వచ్చిన దినమున ఆయన చేత పడక కొనుటకు సైతము ధనము లేదు. జాషువా స్పీడను యువవర్తకుడు తన యంగడి మేడపై గదిలో ఆయనకు జోటిచ్చెను. నాడు మొదలైన చెలిమి లింకను మరణమువఱకు నిలిచెను. ఈ స్పీడు కెంటకీ రాష్ట్రమున బానిసలను గలిగిన సంపన్న కుటుంబమువాడు. కొంతకాలమునకు స్వస్థలమునకు దిరిగిపోయి అచ్చటనే స్థిరపడెను.

1842లో స్ప్రింగుఫీల్డునందు మద్యపాన నిషేధ సంఘమువారి సభలో లింకను ఉపన్యసించెను. త్రాగుబోతులను దూషించి, నరకమును జూపి బెదిరించిన పాత ప్రచారకులు చేయలేని పనిని, తాముకూడ నొకప్పుడు త్రాగి మానినవారు స్నేహవాక్యములతో జేయగలిగిరని ఆయన వివరించెను. ఒకని దుష్టుడని వెలివేసితిమేని వాడు తన హృదయపు తలుపులు మూసికొనును. ఆపైన మన సత్యము శూలమువలె వాడియైనను లోనికి జొరదు. ముందుగ వానికి హితుడవని నమ్మకము గలిగింపుము, తర్వాతనే బోధింపుమని ఆయన తాత్పర్యము. సంఘసంస్కారమునకు బూనిన మన యువజనులు ఈ విషయమును మనసున బెట్టుకొనవలయును.

ఇంతకంటె గఠినమైన పరీక్ష బానిసత్వ విషయమున వచ్చెను. 1854లో స్టీఫెను డగ్లసను సెనేటు సభ్యుడు కాన్సాసు నెబ్రాస్కా చట్టమును నెగ్గించెను. ఆ ప్రాంతములందు బానిసత్వ ముండవలయునో లేదో అచ్చటి శ్వేతజాతి వోటర్లే నిర్ణయింతురని దాని సారము. అంతకుముందు 1820 నాటి యొడంబడికచే నిషేధింపబడిన భూమి ఇట్లు బానిసత్వమునకు దెఱవబడెను. లింకను మిక్కిలి కలతచెందెను. ఆ యేడు అక్టోబరులో పియోరియా పట్టణమున జేసిన దీర్ఘోపన్యాసములో బానిసత్వము ఘోరమైన యన్యాయమని నిస్సంశయముగ జెప్పెను. ఆ నోటనే దక్షిణ రాష్ట్రములవారిపై తనకు ద్వేషము లేదనియు, వారి స్థితిలో దామున్నచో దామును వారివలెనే యుందుమనియు వివరించెను. పాపమును పాపమనుటయు, పాపిని తనవంటి వానిగ దలచుటయు ఒక్క యుపన్యాసమున నిమిడినవి.

కాని ఆయనకు బాధ లేదని యెవరు ననుకొనరాదు. మిత్రుడు స్పీడునకు 1855 ఆగస్టులో వ్రాసిన లేఖయే సాక్ష్యము. 1841లో వారిరువురు ఒహాయో నదిపై ఆవిరిపడవలో బ్రయాణించునప్పుడు గొలుసులతో గట్టబడిన పదిపండ్రెండుగురు బానిసలను జూచిరి. ఆ దృశ్యము తన్ను నిరంతరము వేధించుచున్నదని లింకను వ్రాసెను. అటుపిమ్మట మిత్రుని సూటిగనే నిలదీసెను. కాన్సాసు స్వతంత్ర రాష్ట్రమైన సంతోషింతునని స్పీడు లేఖలలో జెప్పుచుండెను. కాని యా మాటనే బహిరంగముగ జెప్పు నభ్యర్థికి మాత్రము వోటియ్యడు. మంచి యజమానులందఱు నిట్లే పలుకుదురు, వోటు మాత్ర మట్లు వేయరని లింకను ఎత్తిచూపెను. ఇంతకంటె గట్టిగ స్నేహితుని మందలింప శక్యమా? అయినను లేఖ ముగింపున దాను సదా మిత్రుడనే యని సంతకము చేసెను. మాట దాచలేదు, చెలిమి తెంచలేదు.

ఆ యేటి ఫిబ్రవరిలో మఱియొక పరీక్ష గడచియుండెను. ఆ కాలమున సెనేటు సభ్యులను రాష్ట్ర శాసనసభలవా రెన్నుకొనుచుండిరి. ఇలినాయి శాసనసభలో మొదటి విడత లింకనునకు 40కి పైగా వోట్లు, ట్రంబులను నాతనికి 5 వోట్లు మాత్రమే వచ్చెను. ఈ యైదుగురు బానిసత్వ విస్తరణమునకు విరోధులే కాని, డెమోక్రాటు సంప్రదాయమువా రగుటచే విగ్గుపక్షీయుడైన లింకనునకు వోటియ్య నొల్లరైరి. చట్టమునకు విరోధియని విశ్వసింపరాని వేఱొకడు గెలుచు సూచనలు గన్పడగా, లింకను తనవారిని ట్రంబులునకు వోటియ్యుడని కోరెను. తనకు బదవి పోయెను, ఆశయమునకు జయము గలిగెను. ఆయనకు మనస్తాపము గలుగకపోలేదు; కాని యా యైదుగురిని శత్రువులుగ నెంచలేదు. ట్రంబులు తరువాత నాయన సహచరులలో నొకడయ్యెను.

1858లో డగ్లసునకు బ్రతిగా సెనేటు సభ్యత్వమునకు నిలిచి, ఆతనితో నేడు పట్టణములందు బహిరంగ వాదములు చేసెను. శాసనసభ్యులు డగ్లసునే యెన్నుకొనిరి. ఈ వాదములందు లింకను శ్వేతేతరులకు సంపూర్ణ సమానత్వము గోరుట లేదని పలికినమాట దాచుట చరిత్రధర్మము కాదు. నేటి దృష్టికి అది లోపమే. కాని ఆయన యెదుగుచు వచ్చిన మనుష్యుడు. 1865 ఏప్రిలు 11వ తేదీన జేసిన తుది యుపన్యాసమున నల్లజాతివారిలో విద్యావంతులకును సైనికులకును వోటుహక్కు గలుగుట యుచితమని బహిరంగముగ జెప్పెను.

1860 ఫిబ్రవరిలో న్యూయార్కు కూపరు విద్యాలయమున ఆయన తన పక్షీయులకు జేసిన హితవు ముఖ్యమైనది. దక్షిణమువారు వినకున్నను కోపావేశమున నేమియు జేయకుడు; ధర్మమునకు భంగము రానంతవఱకు వారి కోరికలు దీర్పుడు; బానిసత్వము మంచిదని యొప్పుకొనుమన్నచో మాత్ర మొప్పుకొనకుడని ఆయన యుపదేశము.

ఆ నవంబరు 6వ తేదీన ఆయన అధ్యక్షుడుగా నెన్నుకోబడెను. జనుల వోట్లలో ఆయనకు నూటికి 40 మాత్రమే. మిగిలినవి మువ్వురు ప్రత్యర్థులు పంచుకొనిరి. దక్షిణమున పెక్కు రాష్ట్రములలో ఆయనకు వోటు వేయుటకు మార్గమే లేకుండెను. సొంత జిల్లాయైన సాంగమనులో సైతము డగ్లసునకే ఆధిక్యము వచ్చెను. పదవి స్వీకరించులోపుననే ఏడు రాష్ట్రములు సమాఖ్యను విడిచిపోయినవి. 1861 ఏప్రిలు 12వ తేదీన సమ్టరు కోటపై దక్షిణమువారు ఫిరంగులు పేల్చుటతో యుద్ధము మొదలయ్యెను. పిదప మఱి నాలుగు రాష్ట్రములు వారితో గలిసెను. ఆరులక్షలకు మించిన ప్రాణములు ఆ యుద్ధమున బలియైనవి. ఓర్పు ప్రతి విపత్తును దప్పింపగలదని మేము చెప్పము.

అయినను ఆ యోర్పు నిష్ఫలము కాలేదు. సమ్టరు వార్త విన్నవెంటనే చిరకాల ప్రత్యర్థియగు డగ్లసు లింకనును దర్శించి, దేశైక్యమునకై తన యండ నిచ్చెను. ఇలినాయికి బోయి తన పక్షమువారిని సమాఖ్యకు బాసటగా నిలువుడని ప్రబోధించి, ఆ జూనులోనే మరణించెను. 1855లో నొక వ్యాజ్యమున లింకనును దృణీకరించి ప్రక్కకు నెట్టిన డెమోక్రాటు న్యాయవాది ఎడ్విను స్టాంటనును, 1862లో ఆయన యుద్ధమంత్రిగా నియమించెను. ఆతని సామర్థ్యము దేశమున కక్కఱకు వచ్చెను. స్పీడు బానిసల యజమానియైనను కెంటకీని సమాఖ్యనుండి జాఱిపోకుండ నిలుపుటకు బాటుపడెను.

ఈ చీలిక లింకను గృహమును సైతము విడువలేదు. భార్య మేరీ తోబుట్టువులలో పెక్కురు దక్షిణపక్షము వారైరి. మఱదలు ఎమిలీ భర్త హెల్ము, లింకను ఇవ్వజూపిన యుద్యోగమును కాదని దక్షిణసేనలో జేరి, 1863 సెప్టెంబరులో చికమాగా యుద్ధమున హతుడయ్యెను. ఆ డిసెంబరులో విధవయైన ఎమిలీని లింకను అధ్యక్షభవనమునకు రావించి ఆదరించెను. శత్రుసేనాని భార్యకు ఆతిథ్యమా యని యాక్షేపించినవారు లేకపోలేదు. ఆయన లక్ష్యపెట్టలేదు. ఆ సంవత్సరారంభముననే తిరుగుబాటు ప్రాంతములలోని బానిసల విముక్తి శాసనము ప్రకటించిన చేతులే ఆమెను ఆదరించిన చేతులు.

1864 ఆగస్టు 23వ తేదీన, రాబోవు నెన్నికలో దనకు బరాజయము తప్పదని తోచగా, లింకను ఒక కాగితముపై నాలుగు మాటలు వ్రాసి, మడిచి, లోపల నేమున్నదో చూపకయే మంత్రులచే వెనుకవైపున సంతకములు చేయించెను. గెలిచిన ప్రత్యర్థితో సహకరించి, ఆతడు పదవి స్వీకరించులోపున దేశమును రక్షింప యత్నించుట తన విధియని అందున్నది. ఓటమిని ఊహించినవాడు వోటర్లను శపింపలేదు, ఎన్నికను వాయిదా వేయలేదు. నవంబరు 8వ తేదీన ఎన్నిక జరిగెను. మెక్లెలనుపై లింకను 212 నియోజక వోట్లకు 21గా గెలిచెను. రెండుదినములకు అభినందింప వచ్చిన జనులతో, ఏ మనుష్యుని హృదయమునను దాను బుద్ధిపూర్వకముగ ముల్లు నాటలేదనియు, తనకు వోటిచ్చినవారు ఇయ్యనివారియెడ అట్లే మెలగవలయుననియు వేడుకొనెను. మన భారతమున ఘోషయాత్రా ఘట్టమున గంధర్వులచే బంధింపబడిన దుర్యోధనుని విడిపింప ధర్మరాజు తమ్ములను బంపిన విధము మాకిచ్చట స్ఫురించుచున్నది. ధర్మరాజు దుర్యోధనుని విడిపించెను గాని రాజ్యభాగమును వదలుకొనలేదు. లింకనును అట్టివాడే.

దానికి ఫలము త్వరలోనే కనబడెను. బానిసత్వమును దేశమంతట రద్దుచేయు 13వ రాజ్యాంగ సవరణము 1864 జూనులో ప్రతినిధిసభయందు మూడింట రెండువంతుల వోట్లు రాక యోడిపోయెను. ప్రతిపక్షపు వోట్లు కొన్ని లేనిదే అది నెగ్గదు. లింకను ఆ సభ్యులయొద్దకే మనుష్యులను బంపి, నచ్చజెప్పించి, యత్నము మానకుండెను. 1865 జనవరి 31వ తేదీన 119 వోట్లకు 56గా సవరణము నెగ్గినది. అనుకూలించినవారిలో 16 మంది డెమోక్రాటులు. నిన్న కాదన్నవాడు నేడు ఔనన్నందుననే నలువదిలక్షల మందికి స్వేచ్ఛ శాశ్వతమయ్యెను. నిన్న వానిని దుర్మార్గుడని తలుపు మూసియున్న, నేడు వాని వోటు నడుగుట కే మొగము మిగులును?

1865 మార్చి 4వ తేదీన రెండవ పర్యాయము పదవి స్వీకరించి, యుద్ధపాపమున నుభయపక్షములకు భాగ మున్నదని చెప్పి, ఎవరియెడను ద్వేషము లేక దేశపు గాయములు గట్టవలయునని ప్రబోధించెను. ఏప్రిలు 14వ తేదీ రాత్రి నాటకశాలలో నొక ద్వేషాంధుడు ఆయనను దుపాకితో గాల్చెను. మఱునాటి యుదయమున ఆయన పరమపదించెను.

కులబాంధవులారా! మన సంఘమున అన్ని రాజకీయ పక్షములవారు గలరు. మన పేద విద్యార్థుల వసతికై చందా నిచ్చు చేతులు ఏ గుర్తునకు వోటు వేసినవో మన మడుగుట లేదు. ఆ యన్నము దిను బాలుడును అడుగడు. ధర్మమని తోచినదానిని సభలో గట్టిగ జెప్పుదము. అన్యాయమునకు వోటిచ్చిన బంధువునకు, లింకను స్పీడునకు జెప్పినట్లు, మొగము మీదనే చెప్పుదము. చెప్పిన తరువాత వాని యింటి పెండ్లికి బోయి పంక్తిలో గూర్చుందము. పక్షము తప్పు చేయవచ్చును. మనుష్యుడు మరల రావచ్చును. వచ్చునాటికి మన తలుపు తెఱచియుండవలయును.