మోదుగ పువ్వును అచ్చులో చూపించిన వైద్యుడు

వర్ధన్నపేట చుట్టుపక్కల పొలాల్లో మోదుగ చెట్లు ఎండలు ముదరకముందే ఆకులు రాల్చి, ఒళ్ళంతా ఎర్రని పూలతో నిలబడతాయి. హోలీ రంగు కోసం పిల్లలు ఏరుకొనే ఈ పువ్వును రెండు వందల ఏళ్ళకు పైగా క్రితమే లండన్‌లో అచ్చువేయించిన విలియం రాక్స్‌బర్గ్ గారిని ఈ వారం జ్ఞాపకం చేసుకొందాము.

ఆయన 1751లో స్కాట్లండ్‌లో పుట్టారు. ఎడిన్‌బరోలో చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చారు. 1781లో సామర్లకోటకు మారి అక్కడ మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క తోట వేశారు. కంపెనీకి కావలసింది లాభమే, దాన్ని మనం దాచనక్కరలేదు. తరంగంబాడి మిషను వైద్యుడిగా 1768లో మన దేశానికి వచ్చిన కోనిగ్ గారు మొక్కల పరిశోధనలో ఆయనకు ముందువారు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కోనిగ్ కన్నుమూసినప్పుడు దగ్గరుండి వైద్యం చేసింది రాక్స్‌బర్గే.

సామర్లకోటలో ఆయన ఇక్కడి చిత్రకారులను జీతమిచ్చి పెట్టుకొన్నారు. కోసిన కొమ్మ వాడకముందే వారు గీయాలి. కొమ్మ, ఆకు, పువ్వు ఒకవైపు. విడదీసిన రేకులు, కేసరాలు, గింజ మరోవైపు. మోదుగ బొమ్మ ముందు మేము చాలాసేపు ఆగిపోయాము. చిలుక ముక్కులా వంగిన రేకు, దాన్ని పట్టుకొన్న ముదురు రంగు తొడిమ, చెట్టు కింద నిలబడి చూసినట్టే ఉంటాయి. పక్కన వివరణలో మోదుగ అన్న తెలుగు పేరు కూడా ఉంది. చిత్రకారుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఇది మాకు బాధ కలిగించింది.

బురదనీటిని తేర్చే చిల్లగింజ, జ్వరానికి బెరడు వాడే సోమిద, బట్టలకు ఎర్రరంగునిచ్చే చిరివేరు కూడా ఆ పుస్తకంలో చోటు చేసుకొన్నాయి. మన పల్లెల్లో పెద్దలకు తెలిసిన మొక్కలే ఇవి.

1789 నుండి వానలు తప్పి ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. జనం ఆకలితో చనిపోవడం ఆయన కళ్ళారా చూశారు. కొబ్బరి, తాటి, ఈత, పనస వంటి చెట్లు విరివిగా నాటిస్తే కరువులో పేదలకు తిండి దొరుకుతుందని పాలకులకు రాశారు.

1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళారు. కోరమాండల్ తీరపు మొక్కల మొదటి సంపుటం 1795లో మొదలైంది. మూడు సంపుటాల్లో 300 చిత్రాలు. 1815లో ఆయన ఎడిన్‌బరోలో మరణించేనాటికి మూడో సంపుటం ఇంకా పూర్తికాలేదు. అది ముగిసింది 1820లో.