తొమ్మండుగురు బిడ్డల తల్లి

పెండ్లిపీటలమీది ఆడపిల్లకు ఎనిమిదిమంది కొడుకులు కలుగవలెనని దీవించుట మన పెద్దల వాడుక. 1922లో విజయనగరపు పదేండ్ల బాలిక సరస్వతి పెండ్లికూతురైన దినమున ఆ దీవెన ఆమె తలమీద కూడ పడియే యుండును. దీవించినవారి మాట వమ్ము కాలేదు. లెక్కకు ఒక బిడ్డ ఎక్కువగనే కలిగెను. అయితే ఆ అక్షతల వెనుకనున్న ఆచారమును, కులమును, చివరకు దైవమునుగూడ ఆమె ఒకటొకటిగా విడిచిపెట్టి ఆ తొమ్మండుగురిని పెంచెను. తొమ్మిదిమందిని కన్న తల్లులు ఆ కాలమున కృష్ణాతీరమున ఊరూర నుండిరి. అది వింత కాదు. పెంచిన తీరే వింత. సరస్వతీ గోరా కథ చెప్పుకొనుటకు కారణమదియే.

ఆమె 1912 సెప్టెంబరు 28న జన్మించెను. భర్త గోపరాజు రామచంద్రరావు ఆమెకన్న పదేండ్లు పెద్ద. గంజాము ప్రాంతమున ఛత్రపురములో పుట్టి, మదరాసులో వృక్షశాస్త్రము చదివి పట్టభద్రుడైన ఆయనను లోకము తరువాత గోరా అని పిలిచెను. ఉద్యోగము ఆయనను ఊరూర త్రిప్పెను: మధుర, కోయంబత్తూరు, కొలంబో, ఆపైన కాకినాడ. చిన్ననాటినుండి నేర్చిన నోములు, మడి, తడి మూటగట్టుకొని వచ్చిన పిల్లకు ఈ సంసారము వింత పాఠశాల యయ్యెను. దయ్యముల కొంపయని పేరుపడి ఎవరును చేరని యింట ఈ దంపతులు కావాలని కాపురము చేసిరి. ఇది సాహసమే గాని, గర్భవతియైన దినములలో ఆమె చేసిన పని దీనికన్న గొప్పది. గ్రహణవేళ కడుపుతోనున్న స్త్రీ కదలరాదు, కత్తిపీట పట్టరాదు, పట్టినచో పుట్టబోవు బిడ్డకు అంగవైకల్యము కలుగునని మన యిండ్ల నమ్మకము. చదువుకొన్న యింటగూడ ఆ వేళకు గర్భిణిని చీకటి గదిలో వెల్లకిల పరుండబెట్టుట ఇప్పటికిని పూర్తిగ పోలేదు. సరస్వతి ఆ గ్రహణకాలమున వెలుపలకు వచ్చి తిరిగెను. నిండు ఆరోగ్యముతో బిడ్డ పుట్టెను.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. గ్రహణమును తాను ధిక్కరించుట పురుషునకు తేలిక. ఆయన కడుపులో బిడ్డ లేదు. ఏదైన కీడు జరిగియున్నచో, అది గ్రహణమువలన కాకపోయినను, ఊరంతయు ఆ తల్లినే వ్రేలెత్తి చూపియుండెడిది. గోరా సాహసమును గూర్చి వ్రాసినవారు చాలమంది కలరు. ఆ సాహసమునకు పూటపూటకును వెల చెల్లించిన చేయి మాత్రము వంటయింటనున్న ఈమెది.

1928లో గోరా జందెమును విడిచిపెట్టుటతో తండ్రి కొడుకును ఇంటినుండి వెడలనంపెను. భార్యయు ఆయన వెంట గడప దాటెను. పుట్టింటి వారికిని అత్తింటి వారికిని దూరమైన కోడలికి పురుళ్ల కాలమున ఎవరు దిక్కు? 1933లో కాకినాడ కళాశాల నాస్తిక భావములను సహింపక గోరాను ఉద్యోగమునుండి తొలగించెను. మరుసటి యేడు బందరు హిందూ కళాశాలలో చోటు దొరకెను. అదియు కొన్నాళ్లకు అదే కారణమున చేయి జారెను. నెలజీతము వచ్చుననెడి నమ్మకము లేని యింట, రెండు మూడేండ్ల కొకటిగా ఉయ్యెల ఊగుచుండెను.

ఆ ఉయ్యెలలోని బిడ్డలకు పెట్టిన పేర్లు చూడుడు. నక్షత్రము, రాశి చూచి, తాతముత్తాతలను తలచి, కులదైవమును కలిపి పేరు పెట్టు దేశము మనది. ఈ యింట పేర్లు వార్తాపత్రికలోనుండి వచ్చినట్లుండును. పెద్దకూతురు మనోరమ. ఉప్పుసత్యాగ్రహము జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణము. ప్రపంచము రెండవ యుద్ధములో దిగుచున్న 1939లో పుట్టినవాడు సమరము. మైత్రి, విద్య, విజయము, నియంత, మారు అనువారు మిగిలిన బిడ్డలు. కడసారి బిడ్డకు వచ్చుసరికి తలిదండ్రులకు నవ్వు వచ్చెనో యేమో, హిందీలో తొమ్మిది అని అర్థము వచ్చునట్లు నౌ అని పేరు పెట్టిరి. ఏ పేరులోనైనను కులము వాసన లేదు, మతము జాడ లేదు. పిల్లవాని పేరు విని ఎవరివాడో పసిగట్టుట మన బడులలో పంతుళ్లకుగూడ అలవాటైన విద్య. అది ఈ తొమ్మండుగురి యెడల పని చేయలేదు.

బందరునుండి విజయవాడకు పోవు రాచబాట పామర్రు మీదుగా వచ్చును. పామర్రు కూడలిలో గుడివాడ దారిని, దివిసీమ దారిని విడిచి ముందునకు సాగినచో, కాలువగట్లు, వరిచేలు దాటి ఉయ్యూరు వచ్చును. ఉయ్యూరు ప్రాంతమునందే ముదునూరు. స్వాతంత్ర్యోద్యమ వీరుడు అన్నే అంజయ్య గారి స్వగ్రామమది. ఆ గ్రామస్థుల పిలుపుపై 1940లో కళాశాల కొలువు వదలిన అధ్యాపకుడు, ఇల్లునిండ పిల్లలతో ఆయన భార్య అచ్చటికి చేరిరి. నాస్తిక కేంద్రము ఆ పల్లెలో పుట్టెను. గొప్ప కట్టడమేమియు కాదు. పెద్ద సంసారము, దానితోపాటు వచ్చిపోవువారు, రాత్రులు పెద్దలకు చదువు, పగలు హరిజనవాడలో పని. అంతే కేంద్రము.

కృష్ణాడెల్టా పల్లెలలో అన్నమునకు కరవు లేదు, అన్నము పెట్టు చేతులకును కరవు లేదు. ఎవరి ప్రక్కన కూర్చుండి తినవలెననుటలోనే చిక్కంతయు నుండెను. ఊరిచివర వాడవారు చెరువునీరు ముట్టగూడని దినములవి. కేంద్రమువారు పున్నమి రాత్రులందు సహపంక్తి భోజనములు జరుపుచుండిరి. అన్ని కులములవారును వెన్నెలలో ఒకే వరుసను కూర్చుండి తినుటయే దాని విశేషము. పంక్తిభోజనమున ఉపన్యాసము చెప్పుట ఒక పని. ఆకులు వేసి, వడ్డించి, తన పసిపిల్లలను ఆ వరుసలో కూర్చుండబెట్టుట వేరొక పని. ఉపన్యాసము విన్నవాడు ఇంటికి పోయి మరచిపోవచ్చును. ప్రక్కవాని విస్తరిలోనిది తీసికొని తిన్న పసివాడు మరువలేడు. ఆ తొమ్మండుగురికి అంటరానితనము పోగొట్టుటకు వేరే పాఠము చెప్పవలసిన అవసరము కలుగలేదని నా అభిప్రాయము. వారికి అదేమో మొదట తెలిసినగదా, పోగొట్టుట!

ఇట్టి పెద్ద సంసారమునందు ఆనందమెక్కడిదని కొందరడుగవచ్చును. పెద్దబిడ్డ చిన్నబిడ్డను చంకనెత్తుకొని తిరుగుట, ఒకని చొక్కా మరియొకనికి వచ్చుట, ఒక్క పండును ముక్కలుగ పంచునపుడు కొలతలు తేడా వచ్చి పెద్ద సభ జరుగుట, ఒకనికి జ్వరము వచ్చిన ఇల్లంతయు పిల్లిపిల్లవలె మెల్లగ నడచుట, ఇవి పెద్ద కుటుంబమున పుట్టినవారెవ్వరికైనను తెలిసినవే. బిడ్డలు దక్కుట కష్టమైన ఆ కాలమున తొమ్మండుగురును పెరిగి పెద్దవారగుటయే ఒక తల్లికి చాలిన భాగ్యము. సరస్వతికి దీనిపై మరియొకటి కలదు. తన పిల్లలు, ఊరి పిల్లలు అను గీత ఆమె యింట చెరగిపోయెను. తొమ్మండుగురికి వండు కుండలో పదియవవానికి ఎప్పుడును చోటుండును. ఒక్క బిడ్డకు వండు గిన్నెలో రెండవవానికుండదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమము వచ్చెను. గోరా జైలుకు వెళ్లెను. సరస్వతియు వెళ్లెను. పసివాడైన నియంతను ఇంట విడువలేక తనతోడనే చెరసాలకు తీసికొనిపోయెను. చంకలో ఒక బిడ్డ, గోడల వెలుపల మిగిలిన బిడ్డలు. లోపలనున్న బిడ్డకు పాలు దొరకునా యని ఒక దిగులు, వెలుపలనున్నవారు తినిరా లేదా యని వేరొక దిగులు. దేశచరిత్రలో ఇట్టి తల్లులకు ఒక్క పంక్తియైన దొరకుట అరుదు. జైలుకు వెళ్లిన భర్త పేరు వ్రాసిన చోట, సతీసమేతముగా అని ముగింతురు. పన్నెండేండ్ల లవణము బడి చదువు విడిచి ఉద్యమమున దిగినదియు ఆ యేడే. పట్టము లేకయే ఆయన పలు భాషలు నేర్చి, తరువాతి కాలమున తెలుగునాట వినోబాభావే ఉపన్యాసములకు దుబాసి యయ్యెను.

ఆమె మాతృత్వమునకు నిజమైన పరీక్ష చెరసాల కాదు, పెద్దకూతురి పెండ్లి. కులనిర్మూలనము గూర్చి మాటలాడినవారు మన దేశమున ఏనాడును తక్కువ కాదు. ఇంట ఎదిగిన కూతురున్ననాడు వారిలో చాలమంది గొంతు తగ్గును. కొడుకు వేరు కులపు పిల్లను తెచ్చుకొన్న ఒకరకము. కూతురిని, అందును మొదటి కూతురిని, బ్రాహ్మణ కుటుంబమునుండి అస్పృశ్యులుగ ఎంచబడిన కులపు వరునికిచ్చుట వేరొకరకము. తక్కిన ఆడపిల్లల సంబంధములు ఏమగునని ఏ తల్లియైనను లెక్క వేసికొనును. మనోరమను అర్జునరావుకిచ్చుటకు ఆ దంపతులు నిశ్చయించిరి.

గోరా 1944లో సేవాగ్రామమునకు వెళ్లి గాంధీజీని కలిసికొనెను. దేవుని నమ్మిన వృద్ధునకును నమ్మని వానికిని నడుమ స్నేహము కుదిరెను. గాంధీజీ అప్పటికే వధూవరులలో ఒకరు హరిజనులైనగాని ఆ పెండ్లికి తన దీవెన యుండదని నియమము పెట్టుకొనియుండెను. ఈ సంబంధమునకు ఆయన సంతోషించెను గాని తొందరపడలేదు. వరుడు ముందుగ సేవాగ్రామమునకు వచ్చి ఆశ్రమజీవితమున తరిఫీదు పొందవలెననెను. వివాహము తన యెదుటనే జరుగవలెననియు కోరెను. నాస్తికుల యింటి పెండ్లిలో ఈశ్వరుని సాక్షిగ ప్రమాణము చేయుట యెట్లు? దాని స్థానమున సత్యమును సాక్షిగ నిలుపుటకు ఆ భక్తుడే అంగీకరించెను. తల్లి మనసునకు ఇంతకన్న ధైర్యమేమి కావలెను?

1948 జనవరి 30న గాంధీజీ హతుడయ్యెను. పెండ్లి పెద్ద లేకుండపోయెను. ఆగిపోవుటకు మంచి నెపము దొరకినది. ఊరి పెదవులు ముడిచి ఇది అపశకునమని చెప్పుటకుగూడ తగిన సందర్భము. తలిదండ్రులు ఆగలేదు. ఆ మార్చి నెలలో సేవాగ్రామముననే వివాహము జరిగెను. గాంధీజీ లేని లోటు ఆ ఆశ్రమమున అణువణువునను నిండియున్న దినములలో, ఆయన కోరిన పెండ్లి ఆయన చోటనే జరిగెను. కన్నీరు, సంతోషము రెండును ఒకే కొంగున తుడుచుకొనవలసిన ఘడియ అది. మనోరమ తల్లి దానిని దాటెను.

ఆపైన దారి సుగమమయ్యెను. 1960లో లవణము పెండ్లియు సేవాగ్రామముననే. వధువు హేమలత మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె. కులము పేర అవమానములు భరించి పద్యముతో వానికి సమాధానము చెప్పిన కవి కూతురు ఈ యింటి కోడలగుట తెలుగువారు గర్వింపదగిన విషయము. స్టూవర్టుపురపు నేరస్థ కుటుంబములనడుమను, జోగినులనడుమను హేమలత చేసిన సేవ ప్రత్యేకముగ వ్రాయదగినది. అత్తగారి యింట కోడలికి ఆ స్వేచ్ఛ దొరకుట చిన్న సంగతి కాదని మాత్రము ఇక్కడ చెప్పుచున్నాను.

కేంద్రము 1947లోనే విజయవాడ పటమటకు మారెను. పిల్లలు తలొక దారి పట్టిరి. అన్ని దారులును మరల ఆ ప్రాంగణమునకే వచ్చుచుండెను. విద్య, చెన్నుపాటి విద్యగ, 1980లోను 1989లోను విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను. 1969లో వాసవ్య మహిళామండలిని స్థాపించెను. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వము అను మూడు మాటల మొదటి అక్షరములనుండి ఆ పేరు ఏర్పడెను. విజయము పరిశోధన చేసి పట్టము పొంది కేంద్రపు పనిలో దిగెను. సమరము వైద్యుడై, ఇండ్లలో గుసగుసగనైనను మాటలాడుకొనని లైంగిక విజ్ఞానమును తేట తెలుగున సామాన్యులకు వ్రాసి పేరు గడించెను. తొమ్మండుగురున్న యింట పుట్టినవాడు ఆ శాస్త్రమును ప్రజలకు చెప్పుట చూచి తల్లి నవ్వుకొనియుండునా యని నాకు తోచుచుండును.

1975 జూలై 26న గోరా విజయవాడలో ఒక సభలో మాటలాడుచునే కన్నుమూసెను. అప్పటికామెకు అరువది మూడేండ్లు నిండలేదు. భర్త మరణించిన స్త్రీకి మన సమాజమున దొరకు చోటు ఇంటి మూల. సరస్వతీ గోరా ఆ మూలకు పోలేదు. కేంద్రమునకు పెద్దదిక్కుగ మరి ముప్పదియొక్క యేండ్లు నిలిచెను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమ ఊళ్లకు ఊళ్లు కొట్టుకొనిపోయినపుడు కేంద్రమువారు సహాయమునకు కదలిరి. విజయవాడనుండి దివికి పోవు దారులలో పామర్రు కూడలి యొకటి. మూడున్నర దశాబ్దముల క్రిందట పిల్లలతో ముదునూరు చేరిన తల్లి యింటివారు ఈసారి తల్లులను కోల్పోయిన పిల్లల ప్రాంతమునకు వెళ్లిరి.

వృద్ధాప్యమున ఆమెను వెదకికొనుచు బహుమానములు వచ్చెను. కర్ణాటక ప్రభుత్వము బసవ పురస్కారమిచ్చెను. దేశదేశములనుండి నాస్తిక, మానవతావాద సభలకు పటమటకు వచ్చినవారు ఆ చిన్న ఆకారపు ముసలమ్మను అమ్మ యనియే పిలిచిరి. 2006 ఆగస్టు 19న, తొంబది నాలుగవ యేట, విజయవాడలో ఆమె తుది శ్వాస విడిచెను. బెంజి సర్కిలు దగ్గర ఆ ప్రాంగణమున వచ్చినవారికి అన్నము పెట్టు అలవాటు ఆమె తరువాతగూడ మిగిలెను.