ఆడంబరమెరుగని దొర మన్రో

చేసిన పుణ్యాన్ని నోట చాటుకుంటే దాని ఫలం క్షీణిస్తుందని మన పెద్దలంటారు. ఈ నియమం మనకే పరిమితం కాదు. దానం గుప్తంగా సాగాలని, ప్రార్థన పదిమంది కంటబడేందుకు చేయరాదని క్రైస్తవ ధర్మం కూడా బోధిస్తుంది. ఆ ధర్మంలో పుట్టి, అందులోనే నిలిచి, మన కర్నూలు జిల్లా పత్తికొండలో తనువు చాలించిన సర్ థామస్ మన్రో చరిత్ర మీరు తెలుసుకోదగినది.

మన్రో 1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఒక వర్తకుని ఇంట జన్మించారు. 1780లో కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగిగా మద్రాసు చేరారు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారాదత్తం చేయగా, దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పాలించారు. గుడారాలలో బసచేస్తూ ఊరూరా తిరిగి రైతుల మొర స్వయంగా ఆలకించారు. పాళెగాళ్లను కఠినంగా అణచిన మాట నిజం. శిస్తు భారమైన మాటా నిజమే. అయితే ఆ భారాన్ని తానే గుర్తించి, నాలుగోవంతు తగ్గించాలని 1807లో పైవారికి వ్రాశారు. తన లెక్కను తానే సవరించుకొనడానికి ఆయనకు అహం అడ్డురాలేదు. 1820లో మద్రాసు గవర్నరైన పిదప ఆ తగ్గింపు అమలులోకి వచ్చింది.

మంత్రాలయ గాథ మీరు వినే ఉంటారు. మఠం ఇనాం విచారణకు వచ్చిన మన్రో టోపీ, పాదరక్షలు విడిచి బృందావనం ముందు నిలువగా, శ్రీ రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి సంభాషించారని భక్తుల విశ్వాసం. మఠానికి ఇనాం నిలిచింది. తిరుమలేశుని నైవేద్యానికి సమర్పించిన మన్రో గంగాళం కూడా ప్రసిద్ధమే. ఆయన మతం మారలేదు. పరుల దైవాన్ని చులకన చేయనూ లేదు. అధికారులు పదవి అండతో మతప్రచారం చేయరాదని 1822లో గవర్నరుగా స్పష్టం చేశారు.

1827లో స్వదేశానికి మరలవలసిన వేళ, తాను పూర్వం పాలించిన సీమను కడసారి చూడాలని బయలుదేరారు. దారిలో కలరా ప్రబలి ఉంది. జూలై 6న పత్తికొండలో అది ఆయనకూ సోకింది. తన గుడారంలో నిలిస్తే ఇతరులకూ అంటుతుందని, దగ్గరున్నవారిని వెలుపలికి వెళ్లమని కోరారట. ఆ రాత్రే కన్నుమూశారు. గుత్తిలో ఖననమైన దేహాన్ని 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన స్మృత్యర్థం బావి త్రవ్వించి, తోపు నాటించారు. ఈ సీమ జనం తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

పాఠక మహాశయులారా! ఆ దొర టోపీ తీసి స్వామి ముందు నిలిచాడని మనం చెప్పుకుంటాం. మరి మనం? స్వామికి వీపు త్రిప్పి సెల్‌ఫోనులో మన ముఖాన్ని మనమే చూసుకుంటున్నాం. అన్నదానంలో విస్తరి ముందు కూర్చున్నవాని ఆకలికంటే వీడియోలో మన చేయి పడిందా లేదా అన్నదే ముఖ్యమవుతున్నది. దర్శనమంటే దేవుని చూడటం, మనలను లోకానికి చూపుకోవడం కాదు. అన్యమతస్థుడు పాటించిన వినయం మన ఇళ్లలో కొరవడితే ఆ లోపం మనదే.

ఈ వారం గుడికి వెళ్లినప్పుడు ఫోనును ఇంటనే ఉంచండి. ఒక్క మంచిపనిని ఎవరికీ చెప్పక చేయండి. చూడవలసినవాడు చూస్తూనే ఉంటాడు.